దుర్వాసన గల చెట్లు

లోకములో సువాసనకు గల మర్యాద దుర్వాసనకు లేదు. చందనపు చెక్కను సానమీద అరగదీసి దేవునికి పూయుదురు. మల్లెలను మాలగట్టి తలలో తురుముకొందురు. పొగడపూవు వాడిపోయినను దానిని పెట్టెలో దాచుకొందురు. కాని గొడ్డలి తగిలినంతనే కంపు కొట్టు చెట్టును మాత్రము ఎవరును కోరి పెరటిలో నాటరు. దాని కొయ్యను ఇంటికి తెచ్చుటకు సంశయింతురు. ‘పనికిమాలిన చెట్టు’ అను పేరు దానికి సులభముగా వచ్చును. ఈ తీర్పు న్యాయమైనదేనా? ఆ చెట్టునకు ఆ వాసన ఎందులకు వచ్చినది? ముక్కు మూసికొని తొలగిపోవుటకు ముందు ఆ వాసన ఏమి తెలుపుచున్నదో విచారించుట మంచిది.

తెలంగాణములో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను మూడు జిల్లాలు కలవు. ఇవి 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేరు జిల్లాలుగా ఏర్పడినవి. అంతకు ముందు వీనిలోని అధిక భాగము వరంగల్లు జిల్లాకు చెందియుండెను. జనగామ నుండి తూర్పునకును ఈశాన్యమునకును పోవు బాటసారికి నేల మెల్లమెల్లగా రూపు మార్చుచున్నట్లు తోచును. జనగామ చుట్టుపట్ల ఎర్రని చెలకలు, రాతిగుట్టలు, చెరువు కట్టలు కనబడును. వానిపై తుమ్మలు, వేపలు, రేగుకంపలు పెరుగును. మహబూబాబాదు జిల్లాలో గూడూరు, కొత్తగూడ వైపు తిరిగినచో పాకాల అడవి ఎదురగును. భూపాలపల్లి దాటి మహాదేవపురము మీదుగా గోదావరి ఒడ్డు వరకు పోయినచో టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్లు కలిసి పెరిగిన అడవి కానవచ్చును. వేసవి రాకముందే ఆకులు రాల్చు అడవి అది. ఇట్టి మెట్టనేలలలోను అడవులలోను పేరుపడిన దుర్వాసన చెట్లు కొన్ని కలవు. వానిని ఒక్కొక్కదానిని పరిచయము చేసికొందము.

మొదట చెప్పవలసినది కస్తూరితుమ్మ. ఇది చిన్న ముళ్ల చెట్టు. పలుచోట్ల పొదవలెనే ఉండును. చెరువుల ఒడ్డున, బీడు భూములలో పెరుగును. చలికాలమున దీనికి పసుపుపచ్చని బంతులవంటి చిన్న పూలు పూయును. ఆ పూల పరిమళము చేతనే దానికి ఆ పేరు వచ్చినది. అయితే ఈ చెట్టునకే మురికితుమ్మ అను మరియొక పేరు కలదు. దాని వేరును త్రవ్వినను, బెరడును గీరినను వెల్లుల్లిని తలపించు చెడు వాసన గుప్పున లేచును. పూవును చూచినవారు ఒక పేరు పెట్టిరి. వేరును త్రవ్వినవారు ఇంకొక పేరు పెట్టిరి. రెండును సత్యములే. ఈ చెట్టు పుట్టినిల్లు అమెరికా ఖండము. అచటినుండి ఐరోపాకు చేరి, పదునేడవ శతాబ్దమున రోము నగరములోని ఫర్నేసె వంశీయుల తోటలో పెరిగెను. అందుచేత శాస్త్రజ్ఞులు దానిని ‘ఫర్నేసియానా’ అనిరి. ఫ్రాన్సు దక్షిణమున గ్రాస్ పట్టణ ప్రాంతమున ఈ పూలనుండి విలువగల అత్తరు తీయుదురు. ఒకే చెట్టు పైన అత్తరు దుకాణము, క్రింద వెల్లుల్లి గంప!

ఒకే మొక్కలో ఇన్ని విధముల వాసనలు ఎట్లు పుట్టును? వాసన యనునది కంటికి కనబడని అణువుల ప్రయాణము. కొన్ని పదార్థములు ఇట్టే ఆవిరియై గాలిలో కలియును. ఆ అణువులు ముక్కులోని నరముల కొనలను తాకినప్పుడు మనకు వాసన తెలియును. పూలలోని తైలములు ఒక జాతి అణువులు. వేరులోని ఘాటు మరియొక జాతి. వెల్లుల్లి, ఉల్లి, ఇంగువ, ఆవ మొదలగువాని ఘాటునకు కారణము గంధకముతో కూడిన సమ్మేళనములు. అనేక దుర్వాసన మొక్కల రహస్యమును ఈ గంధకములోనే ఉన్నది. మనుష్యుని ముక్కు ఇట్టి సమ్మేళనములను అత్యల్ప మోతాదులో సైతము పసిగట్టగలదు. వంటగ్యాసునకు సహజముగా చెప్పదగిన వాసన లేదు. అది కారుచున్నప్పుడు ఇంటివారికి తెలియవలెనని దానిలో మెర్కాప్టన్ అను గంధక సమ్మేళనమును బుద్ధిపూర్వకముగా కలుపుదురు. ఆ కంపు ఎన్నో ఇండ్లను అగ్నిప్రమాదమునుండి కాపాడుచున్నది. దుర్వాసన చేయు మేలునకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము అక్కరలేదు.

తుమ్మకు చుట్టమైన అత్తిపత్తిని ఎరుగని బాలురు ఉండరు. తాకినంతనే ఆకులు ముడుచుకొను ఈ చిన్న మొక్క వేరులు కూడ స్పర్శ నెరుగును. 2016వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, దాని లేతవేరులను మనుష్యుని వ్రేలు గాని మన్ను గాని తాకినప్పుడు అవి గంధకపు వాసనను విడుచును. గాజు కడ్డీతో గాని లోహముతో గాని తాకినచో విడువవు. అనగా ఆ దుర్వాసన ఊరకనే కారిపోవునది కాదు; అవసరము వచ్చినప్పుడు మొక్క ప్రయోగించునది. మొక్కకు పరుగెత్తుటకు కాళ్లు లేవు. పొడుచుటకు కొమ్ములు లేవు. నిలిచిన చోటనే నిలిచి, పురుగులతోను, బూజులతోను, మేయు జంతువులతోను అది పోరాడవలెను. ఆ పోరాటములో వాసనయు రుచియు దాని ఆయుధములు. అడ్డసరపు ఆకును మేకలు సైతము సాధారణముగా ముట్టవు. కనుకనే దానిని తోటల చుట్టును కంచెగా నాటుదురు. ముళ్లు లేకయే కాపలా కాయు కంచె అది.

ఇక కొయ్యలోనే దుర్వాసన గల చెట్టు నెమలినార. దీనినే కొన్ని చోట్ల నవిలి యందురు. ఊరు మారినకొలది చెట్ల పేర్లు మారుట మన దేశమున సహజము. ఇది మహావృక్షము. బూడిదరంగు బెరడుతో విశాలముగా పెరిగి, మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చి, కొత్త ఆకు రాకముందే చిన్న చిన్న పూలు పూయును. ఆ తరువాత గుండ్రని రెక్కలవంటి కాయలు గుత్తులు గుత్తులుగా కాచి, ఎండి, గాలికి ఎగిరిపోవును. ఒక్కొక్క కాయలో ఒక్కటే గింజ. దానిచుట్టును పలుచని కాగితమువంటి రెక్క. ఈ చెట్టు ఆకును నలిపినను, కొమ్మను విరిచినను, అప్పుడే నరికిన కొయ్యను వాసన చూచినను ముక్కు చిట్లింపక తప్పదు. కాని కోసి ఆరబెట్టినచో ఆ కంపు క్రమముగా తగ్గిపోవును. అప్పుడు లేత పసుపురంగు గల చక్కని కొయ్య మిగులును. దానితో బండ్లకు కావలసిన భాగములు, పెట్టెలు, చౌకరకపు సామానులు చేయుదురు. వంటచెరకుగాను, బొగ్గులకుగాను వాడుదురు. బెరడునుండి నార తీయుదురు. ఇన్ని విధముల పనికివచ్చు చెట్టును తొలిచూపు కాదు, తొలివాసన చేతనే త్రోసివేయుట ఎంత తొందరపాటు!

అయినను నెమలినార వలన ఒక చిక్కు కలదు. అది కంపు వలన వచ్చినది కాదు. దాని పూలనుండి ఎగురు పుప్పొడికి వాసన లేదు; కంటికిని ఆనదు. కాని కొందరికి అది తుమ్ములను, ఆయాసమును కలిగించును. ఉత్తర భారతమున శ్వాసరోగములను రేపు పుప్పొడులలో దీనిదొక ముఖ్యమైన స్థానమని వైద్యులు చెప్పుదురు. ఇందుండి తెలిసికొనవలసినది ఒకటి కలదు. దుర్వాసన గలదెల్ల హానికరము కాదు. వాసన లేనిదెల్ల క్షేమకరమును కాదు.

నరికిన కొయ్య పచ్చిగా ఉన్నప్పుడు కంపు కొట్టి, ఎండినపిమ్మట ఏల మానుకొనును? చెట్టు మొదలును అడ్డముగా కోసి చూచినచో నడుమ గట్టియైన చేవయు, దానిచుట్టును తెల్లని మెత్తని కొయ్యయు కనబడును. తెల్లని భాగము వేరునుండి నీరు పైకి ఎక్కు మార్గము. దానిలో నీరును, పిండిపదార్థమును, చక్కెరయు నిలువయుండును. చేవ జీవము లేని భాగము. అయినను చెట్టు తన నూనెలను, జిగురులను, చేదు పదార్థములను అందులో కూర్చి దాచును. చందనపు పరిమళము ఆ చేవలోనిదే. చెదలు అంటని టేకు బలమును దాని చేవలోని పదార్థముల వలననే. ఈ పదార్థములలో గాలిలో కలియు గుణము గలవి గొడ్డలి దెబ్బకు ఒక్కసారిగా బయటపడును. ఎండిన కొలది అవి ఆవిరియై పోవును గనుక వాసన సన్నగిల్లును.

దుర్వాసనకు మరియొక కారణము కూడ కలదు. ఒక్కొక్కప్పుడు నీరు నిండిన కొయ్యలో గాలి సోకని చోట సూక్ష్మజీవులు చేరి చక్కెరలను పులియబెట్టును. అప్పుడు పాడైన వెన్న వంటి కంపుగల ఆమ్లములు పుట్టును. ఇట్టి కొయ్యను కోసినప్పుడు పుట్టు దుర్గంధము చెట్టు సహజగుణము కాదు. దానిలో చేరిన జీవుల పని. కనుక అడవిశాఖవారు కొయ్యను గుర్తించునప్పుడు రంగు, బరువు, పోగు, వాసన అను నాలుగింటిని కలిపి చూతురు. వాసన చూచుటకు పాత ముఖమును విడిచి, కత్తితో క్రొత్తగా చెక్కిన ముఖమునే చూతురు. పాతబడిన కొయ్య తన వాసనను గాలికి ఇచ్చివేసి యుండును.

మూడవది పెద్దమాను. పేరునకు తగినట్లు ఎత్తుగా పెరుగు చెట్టు. పొడవైన ఈనెకు రెండు వైపుల పళ్లవంటి అంచులుగల ఆకులు వరుసదీరి యుండుటచే దూరమునుండి వేపను పోలియుండును. అందుచే దీనికి పెద్దవేప యనియు పేరు వచ్చినది. ఆకును నలిపినచో వెగటు వాసన. బెరడును నమిలినచో భరింపరాని చేదు. కొయ్య తెల్లగా, తేలికగా, మెత్తగా ఉండును. పూర్వము దీనితో కత్తుల ఒరలు చేసిరి. చేపలు పట్టువారు వలలకు తేలుడు బెండ్లు చేసిరి. తరువాతి కాలమున అగ్గిపుల్లలకును, సామానులు కట్టు పెట్టెలకును ఇది వాడుకకు వచ్చినది. నరికిన మొద్దును వెంటనే కోసి ఆరవేయవలెను. లేనిచో బూజు పట్టి తెల్లదనమంతయు నల్లబడును. ఇందులో ఒక వింత యున్నది. మనకు వెగటైన ఈ ఆకును గొర్రెలును మేకలును ఇష్టముగా మేయును. గడ్డి దొరకని కాలమున మేకలకాపరికి ఇదియే ఆధారము. దుర్వాసన అనునది చూచువాని ముక్కును బట్టి యుండునని దీనివలన తెలియుచున్నది.

పెద్దమానునకు దేశవిదేశములలో బంధువులు కలరు. చీనా దేశమున పుట్టిన ఒక బంధువును ఆ దేశీయులు తమ భాషలో ‘కంపుచెట్టు’ అను అర్థమిచ్చు పేరుతో పిలుతురు. ఐరోపావారు అదే చెట్టునకు ‘స్వర్గవృక్షము’ అని పేరు పెట్టిరి. ఇది 1784వ సంవత్సరమున అమెరికాకు చేరినది. తన వేరులనుండి విడుచు పదార్థముచే ఇరుగుపొరుగు మొక్కల పెరుగుదలను అడ్డుచు, నేడు అచట తొలగింపరాని కలుపుచెట్టుగా వ్యాపించినది. మన పడమటి కనుమలలో పెరుగు మరియొక బంధువు స్వభావము వేరు. దాని బెరడును గాటుపెట్టినచో సువాసనగల గుగ్గిలము స్రవించును. దానిని ‘హల్మద్ది’ యని అగరువత్తులలో వాడుదురు. ఒకే కుటుంబమున ఒకరు కంపుచెట్టు, ఒకరు అగరువత్తి.

పెద్దమాను, నెమలినార, ఇక చెప్పబోవు తపసి — ఈ మూడు చెట్లను శాస్త్రలోకమునకు తెలిపిన గ్రంథము తెలుగునేలమీద మొలకెత్తినది. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు తూర్పు ఇండియా వర్తకసంఘమునకు చెందిన కొలువులో 1776లో మదరాసునకు వచ్చెను. 1781 నుండి గోదావరి మండలములోని సామర్లకోటలో నివసించి, చుట్టుపట్ల మొక్కలను సేకరించి, భారతీయ చిత్రకారులచే వాని బొమ్మలు వ్రాయించెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా వెళ్లెను. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను అర్థముగల ఆయన గ్రంథము 1795 మొదలు మూడు సంపుటములుగా, మూడువందల చిత్రములతో వెలువడినది. అందు ఆయన లాటిను పేర్ల ప్రక్కనే తెలుగు పేర్లనుకూడ వ్రాసెను. నెమలినారకు ‘నవిలి’ యను పేరును, పెద్దమానునకు ఆ పేరును తెలుగువారి నోటనుండి విని ఇంగ్లీషు అక్షరములలో పొందుపరచెను. పల్లెవాసులు ఆ చెట్లను దుర్వాసన గలవని విడిచిపెట్టక, పేరు పెట్టి, గుణము తెలిసియుండుట వలననే ఆ పండితుని పని నెరవేరినది.

నాలుగవది తపసి. రాతిగుట్టల మీద, ఇతర వృక్షములు నిలువలేని చోట ఇది పెరుగును. దీని బెరడు తెల్లగా నునుపుగా ఉండి, కాగితపు పొరలవలె లేచును. వేసవిలో ఆకులన్నియు రాల్చి, తెల్లని ఒంటితో ఎండలో నిలిచియుండు ఆ చెట్టును చూచినచో నిజముగనే తపస్సు చేయుచున్నట్లు తోచును. బెరడునకు గాయమైనచో బంక స్రవించి గడ్డకట్టును. దీనినే తపసి బంక యందురు. వర్తకులు ‘గమ్ కరాయా’ యందురు. ఈ బంకకు ముక్కును పొడుచునట్టి పులుపు వాసన కలదు. అది ఊరగాయలలో వాడు సిర్కా వాసనయే. బంకలో సుమారు 8 శాతము ఎసిటైల్ అను భాగము అంటియుండును. తేమ తగిలినప్పుడు అది విడివడి సిర్కాలోని ఆమ్లముగా మారును. బంకను తడిచోట నిలువయుంచినచో వాసన హెచ్చును, జిగురు తగ్గును. కనుక వాసనయే సరుకు యొక్క నాణ్యతను కొంతవరకు తెలుపును.

వాసన ఎట్టిదైనను తపసి బంకకు గల శక్తి ఆశ్చర్యకరము. నీటిలో వేసినచో అది కరగదు. నీటిని పీల్చి 60 రెట్లకు పైగా ఉబ్బును. ఆ గుణము వలన మలబద్ధమునకు మందుగాను, కట్టుడు పండ్లు జారకుండ అంటించు పొడిగాను, తినుబండారములను చిక్కబరచు పదార్థముగాను అది వాడబడును. ప్రపంచమునకు ఈ బంకను అందించు దేశములలో భారతదేశము ముఖ్యమైనది. అడవిలో దానిని సేకరించువారు కోయలు, చెంచులు మొదలగు గిరిజనులు. వారివద్ద అటవీఫలసాయమును కొనుటకు 1956వ సంవత్సరమున గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడినది. వేసవిలో పొలము పని లేని రోజులలో బంక అమ్మగా వచ్చిన డబ్బే పలు కుటుంబములకు ఉప్పును, పప్పును, బట్టను ఇచ్చును.

ఇచటనే ఒక కఠినమైన ప్రశ్న పుట్టుచున్నది. బంక ఎక్కువగా కావలెనను ఆశతో గొడ్డలితో లోతుగా నరికి, బెరడును పెద్ద పెద్ద పట్టెలుగా ఊడదీసినచో ఆ యేడు రాబడి పెరుగవచ్చును. కాని ఆ గాయము మానదు. అందులో పురుగు చేరును, బూజు పట్టును, కొన్ని యేండ్లకు చెట్టు ఎండిపోవును. ఈ విధముగా దేశములో పలుచోట్ల తపసి చెట్లు తరిగిపోయినవి. కొన్ని రాష్ట్రములలో కొంతకాలము బంక తీయుటనే నిషేధింపవలసి వచ్చినది. నిషేధించినచో చెట్టు బ్రతుకును. కాని చెట్టును నమ్మినవారు ఏమి తినవలెను? నిపుణులు దీనికొక మధ్యమార్గమును చూపిరి. 90 సెంటీమీటర్ల చుట్టుకొలత లేని లేతచెట్టును ముట్టరాదు. గొడ్డలికి బదులు వాడియైన చిన్న పనిముట్టుతో బెరడును పైపైన మాత్రమే గీరవలెను. గాయము చిన్నదిగా ఉండవలెను. చెట్టునకు విశ్రాంతి నియ్యవలెను. గాయము చిన్నదైనచో బంక శుభ్రముగా, తెల్లగా ఉండి మంచి ధర పలుకును. చెట్టు మేలును, మనుష్యుని మేలును ఒకటియేయని గ్రహించిన చోట అడవియు నిలుచును, జీవనమును నిలుచును.

తపసికి దగ్గరి చుట్టము గుర్రపుబాదము. పట్టణములలో రహదారుల ప్రక్కన నీడకొరకు దీనిని నాటుదురు. దాని పూలు ఎర్రగా చూడముచ్చటగా ఉండును. దగ్గరకు పోయినచో మాత్రము నిలువజాలము. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో దీనికి ‘స్టెర్కులియా ఫీటిడా’ అని పేరు పెట్టెను. పూర్వపు రోమనులకు ఎరువునకు అధిదేవతగా స్టెర్కులియస్ అను దేవుడు ఉండెను. ఫీటిడా అనగా కంపుగలది. ఇంటిపేరును ఒంటిపేరును రెండును కంపునే చెప్పుచున్నవి! కాని ఆ కంపు వ్యర్థము కాదు. కుళ్లినవానికై వెదకు ఈగలు ఆ వాసనకు వచ్చి వ్రాలును. మల్లెపూవు తన అతిథులను తన విధమున పిలుచుచున్నది. గుర్రపుబాదము తన అతిథులను తన విధమున పిలుచుచున్నది. ఎర్రని దాని కాయలు పగిలినప్పుడు నల్లని గింజలు కనబడును. వానిని వేయించి తినువారును కలరు.

ఆ లినేయస్ పండితుడే 1752లో వాసనలను ఏడు తరగతులుగా విభజించెను. సుగంధద్రవ్యముల వాసన, పూల పరిమళము, కస్తూరివంటిది, వెల్లుల్లివంటిది, మేకకంపు వంటిది, రోత పుట్టించునది, డోకు తెప్పించునది — ఇవి ఆ ఏడు. మన పల్లెలలోని స్త్రీలు ఈ పని చిరకాలమునుండి పుస్తకము లేకయే చేయుచున్నారు. చేపలకు నీచువాసన, మాడిన నూనెకు కమురువాసన, నిలువబడిన బియ్యమునకు ముక్కవాసన, ఆవకు ఘాటు. ఒక్కొక్క మాటకు వెనుక ఒక్కొక్క హెచ్చరిక యున్నది. వడ్రంగికి సైతము ముక్కే గురువు. దిరిసెన కొయ్యను కోయునప్పుడు లేచు పొడి తుమ్ములను తెప్పించునని అతనికి తెలియును. కనుక ముక్కునకు గుడ్డ కట్టుకొని రంపము పట్టును.

దుర్వాసన చెట్టును పురుగుల నుండి కాపాడవచ్చును. మనుష్యుని ఆశనుండి కూడ కాపాడగలదా? దక్షిణ ఆఫ్రికా కథ దీనికి సమాధానము చెప్పును. ఆ దేశపు అడవులలో స్టింక్‌వుడ్ అను చెట్టు కలదు. ఆ మాటకు కంపుకొయ్య యని అర్థము. అప్పుడే నరికినప్పుడు దాని కొయ్య దుర్వాసన వేయును. కాని ఎండిన పిమ్మట నల్లని నిగనిగలతో, గట్టిదనముతో ఉత్తమమైన కొయ్యగా నిలుచును. 1652లో డచ్చివారు కేప్ ప్రాంతమున స్థిరపడిన తరువాత వచ్చిన తరములవారు బల్లలకు, కుర్చీలకు, బండ్లకు ఆ చెట్టును కోరికోరి నరికిరి. మందునకై బెరడు ఒలుచుటయు తోడైనది. తుదకు ఆ జాతి అరుదైపోయి, ప్రభుత్వము దానిని రక్షిత వృక్షముగా ప్రకటింపవలసి వచ్చెను. చందనమును సువాసనకొరకు నరికిరి. స్టింక్‌వుడ్‌ను దుర్వాసనను లెక్కచేయక నరికిరి. లాభము కనబడినచో ముక్కు అడ్డురాదు. లాభము కనబడనిచో ముక్కే సాకగును.

చెట్లను గుర్తింప నేర్చుకొనగోరు విద్యార్థులు కన్నులతోపాటు ముక్కునుకూడ ఉపయోగింపవలెను. బడికి పోవు దారిలో రాలిన ఆకును నలిపి చూడవచ్చును. విరిగిపడిన కొమ్మ బెరడును గోటితో గీరి చూడవచ్చును. ఏ మాసమున, ఏ చెట్టునకు, ఏ భాగమునకు ఏ వాసన యున్నదో, ఊరి పెద్దలు దానిని ఏ పేరుతో పిలుతురో ఒక పుస్తకములో వ్రాసికొనవచ్చును. అయితే తెలియని ఆకును, కాయను నోట పెట్టరాదు. వాసన చూచుటకై నిలిచియున్న చెట్టును నరుకరాదు. సర్కారు లెక్కలలోను పెద్ద గ్రంథములలోను లేని స్థానికమైన పేర్లు నేటికిని ముసలివారి నాలుకలపై ఉన్నవి. వారితోపాటు అవియు పోకముందే వానిని వ్రాసిపెట్టుట విద్యార్థులు చేయదగిన సేవ.

ఏ చెట్టును మనుష్యుని మెప్పు కొరకు వాసన వేయదు. తన ఆకును కాపాడుకొనుటకు, తన పూవునకు అతిథిని పిలుచుకొనుటకు, తన గాయమును మాన్చుకొనుటకు అది ఆయా పదార్థములను సిద్ధపరచుకొనును. వానిలో మనకు నచ్చినదానిని సుగంధమనియు, నచ్చనిదానిని దుర్గంధమనియు అనుచున్నాము. కస్తూరితుమ్మకు రెండు పేర్లు పెట్టిన పల్లెవాసులు పూవును చూచి వేరును మరువలేదు. వేరును చూచి పూవును త్రోసివేయలేదు. చెట్టునైనను మనిషినైనను అట్లు పూర్తిగా తెలిసికొనిన పిమ్మటనే విలువ కట్టుట వివేకము.